చేతికి పని లేని దారి

బే ఏరియాలో ఉండే తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే కారెక్కి దక్షిణానికి పోవడం మామూలే. పిల్లలకు డిస్నీలాండ్, పెద్దవాళ్ళకు కాలబాసస్ కొండల్లోని మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి. రెండింటికీ దగ్గరి దారి ఐ-5. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్‌కు 380 మైళ్ళ పైచిలుకు. అందాలు చూడాలనుకున్నవాళ్ళు సముద్రం పక్కనున్న హైవే 1 మీద పోతారు, తొందరగా చేరాలనుకున్నవాళ్ళు ఐ-5 ఎక్కుతారు. ఈ రోడ్డును చూడ్డానికని ఎవరూ రారు. సెంట్రల్ వ్యాలీ పడమటి అంచున, పాత ఊళ్ళన్నిటినీ ఓ పక్కకు వదిలేసి, 1972లో పూర్తి చేసిన రోడ్డు ఇది. లేన్ గీతలు స్పష్టంగా ఉంటాయి, మలుపులు తక్కువ, సిగ్నల్ ఒక్కటీ ఉండదు, వేగ పరిమితి గంటకు 70 మైళ్ళు. తనంతట తానే స్టీరింగ్ తిప్పుకుంటూ లేన్ మధ్యలో నడిచే కారుకు ఇంతకంటే అనువైన రోడ్డు దొరకదు. విచిత్రమేమిటంటే, ఇంత అనువైన చోటే ఆ కారు డ్రైవరును ఎక్కువగా సతాయిస్తుంది. స్టీరింగ్‌ను కాస్త కదపమని తెర మీద ఒక మాట, దాన్ని పట్టించుకోకపోతే మినుకుమినుకుమనే వెలుగు, అదీ పట్టించుకోకపోతే బీప్ మోత. ఈ సతాయింపు అనవసరమనేవాళ్ళు ఉన్నారు, ఇదే ప్రాణాలు కాపాడుతోందనేవాళ్ళూ ఉన్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. హెచ్చరిక ఉండాల్సిందే. కాకపోతే చెయ్యి ఉందా లేదా అని పదేపదే అడిగితే పని జరగదు. చేతికి నిజంగా కొంత పని వదిలిపెట్టే కారే డ్రైవరును డ్రైవరుగా ఉంచుతుంది. ఆ సంగతి ఈ దారి పొడవునా కనబడుతుంది.

పాలో ఆల్టో వైపు నుంచి 101 మీద బయల్దేరితే కాసేపట్లోనే మౌంటెన్ వ్యూలో 85వ నంబరు రోడ్డు విడిపోయే చోటు వస్తుంది. ఎడమవైపు కార్‌పూల్ లేన్ నుంచి ఒక ఫ్లైఓవర్ పైకి లేస్తుంది. దానికీ అసలు రోడ్డుకూ నడుమ గీతలు గీసిన ముక్కోణపు జాగా, దాని చివర కాంక్రీటు గోడ. 2018 మార్చి 23న ఆటోపైలట్ మీద పోతున్న ఒక టెస్లా ఆ జాగాలోకి మళ్ళి, వేగం పెంచుకుంటూ పోయి, గంటకు 71 మైళ్ళ వేగంతో గోడ చివరను గుద్దింది. డ్రైవరు చనిపోయాడు. దెబ్బను మింగడానికి గోడ ముందు పెట్టే అడ్డు 11 రోజుల ముందే వేరే ప్రమాదంలో నుజ్జయి, బాగుచెయ్యకుండా ఉండిపోయింది. అది రోడ్డు శాఖ పాపం. కారు సంగతి చూద్దాం. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డు బయటపెట్టిన లెక్కలు నిదానంగా చదవాల్సినవి. ఆఖరి దఫా ఆటోపైలట్ దాదాపు 19 నిమిషాలు నడిచింది. అంతసేపట్లో చేతులు స్టీరింగ్ మీద పెట్టమని రెండుసార్లు తెర మీద, ఒకసారి మోతతో హెచ్చరించింది. ఆ మూడూ ప్రమాదానికి 15 నిమిషాల కంటే ముందువే. ఆఖరి నిమిషంలో మూడు విడతలుగా, మొత్తం 34 సెకన్లు, స్టీరింగ్ మీద చేతులున్నట్టు నమోదైంది. చివరి 6 సెకన్లు మాత్రం లేవు. ఆ 6 సెకన్లలో కారు 170 మీటర్లకు పైగా పోయింది. డ్రైవరు ఫోన్‌లో ఆటలో మునిగి ఉండవచ్చని బోర్డు తేల్చింది. స్టీరింగ్ మీద పడే బలాన్ని బట్టి డ్రైవరు శ్రద్ధను అంచనా వెయ్యడం పనికొచ్చే పద్ధతి కాదని కూడా చెప్పింది. కారు నియమం ప్రకారం ఈ డ్రైవరు చాలావరకు సరిగ్గానే ఉన్నాడు. అడిగినప్పుడు చెయ్యి వేశాడు, ఆఖరి నిమిషంలో సగానికి పైగా చెయ్యి ఉంది. హెచ్చరిక చెడిపోలేదు. దాన్ని ఎలా తయారుచేశారో అలాగే పనిచేసింది.

వెల్లుల్లికి పేరుపడ్డ గిల్‌రాయ్‌లో అద్దాలు దించితే ఊరి పేరు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ 101 వదిలి 152 పట్టుకుంటే పచేకో కనుమ వస్తుంది. రోడ్డు కొండల మధ్య వంపులు తిరుగుతుంది, పైకెక్కే కొద్దీ పక్కగాలి కారును నెడుతుంది, అవతలకు దిగితే శాన్ లూయిస్ జలాశయం పరుచుకుని ఉంటుంది. ఈ భాగంలో హెచ్చరికలు అంతగా రావు. ఎందుకు రావో తెలియాలంటే స్టీరింగ్ లోపలికి తొంగిచూడాలి. స్టీరింగ్ కాలమ్‌లో టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. చక్రాన్ని తిప్పబోతే అది వెంట్రుకవాసి మెలి పడుతుంది, ఆ మెలిని కొలిచే సెన్సర్ పవర్ స్టీరింగ్ మోటారుకు ఎంత సాయం చెయ్యాలో చెబుతుంది. ఎటూ ఉన్న సెన్సరే కదా అని చాలా కంపెనీలు దానికే రెండో ఉద్యోగం ఇచ్చాయి. మెలి ఉంటే చెయ్యి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కొండ వంపుల్లో, గాలి తోపులో ఎవరి చెయ్యయినా కారుతోపాటు కాస్త బలం పెడుతుంది కాబట్టి సెన్సర్‌కు సందేహం రాదు. తిన్నటి రోడ్డు మీద కథ మారుతుంది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పినట్టు గడియారంలో 9, 3 అంకెల దగ్గర రెండు చేతులూ సమానంగా పెట్టి కూర్చుంటే ఒక చేతి బరువును రెండోది కొట్టేస్తుంది. మెలి సున్నా. కారు లెక్కలో చేతులు లేనట్టే. అదే మోచెయ్యి కిటికీకి ఆనించి, ఒక్క చెయ్యి చక్రానికి తగిలించి వేలాడదీసినవాడు పాసవుతాడు. బుద్ధిగా కూర్చున్నవాడికి చీవాట్లు, ఒళ్ళు వదిలేసినవాడికి మెచ్చుకోలు. కొన్ని కంపెనీలు చక్రం తొడుగు కింద స్పర్శను పసిగట్టే పొర పెట్టి ఈ చిక్కు తీర్చాయి. చెయ్యి ఉందని దానికి తెలుస్తుంది. ఆ చేతి వెనక మనిషి రోడ్డు చూస్తున్నాడో లేదో దానికీ తెలియదు.

శాంటా నెల్లా దగ్గర ఐ-5 కలుస్తుంది. ఇక కెటిల్‌మన్ సిటీ దాకా, ఆ తర్వాత బటన్‌విల్లో దాటేదాకా, చెప్పుకోదగ్గ మలుపు ఉండదు. ఓ పక్క ఎండిన గుట్టలు, ఇంకో పక్క బాదం తోటలు, మధ్యమధ్య దగ్గరికొచ్చి మళ్ళీ దూరమయ్యే కాలిఫోర్నియా ఆక్విడక్ట్ కాలువ. కోలింగా దగ్గర హారిస్ రాంచ్ పశువుల దొడ్లు కంటికి కనబడకముందే వాసన కారులోకి వచ్చేస్తుంది. దారిలో జరిగే విశేషం అంతవరకే. కెటిల్‌మన్ సిటీలో ఛార్జింగ్ పెట్టి, కాఫీ తాగి, మళ్ళీ అదే గీత మీదికి. నోర్మన్ మాక్‌వర్త్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుకు రావాలి. ఒక ముల్లు అంచెలంచెలుగా జరుగుతూ ఉంటుంది, ఎప్పుడో ఒకసారి రెండంచెలు దూకుతుంది. ఆ దూకుడును పట్టుకోవడమే కూర్చున్నవాళ్ళ పని. అరగంట తిరిగేసరికే జనం దాన్ని వదిలేయడం మొదలుపెట్టారు. వాళ్ళేమీ బద్ధకస్తులు కారు. ఏమీ జరగని దాన్ని కాపలా కాయడం మనిషి మెదడుకు చేతకాదు. ఐ-5 మీద సగం ఆటోమేటిక్ కారులో కూర్చున్న డ్రైవరుకు అప్పగించింది అచ్చంగా ఆ పనే. ఆ కాపలాను నిలబెట్టడానికి కారు దగ్గరున్న సాధనం చెయ్యి అడగడం. అది ఎంత బాగా పనిచేస్తోందో అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2024లో ప్రకటించిన అధ్యయనం చూపింది. 14 మంది ఆటోపైలట్‌తో 12,000 మైళ్ళకు పైగా నడిపితే 3,858 హెచ్చరికలు వచ్చాయి. వాటిలో దాదాపు సగం స్టీరింగ్ మీద కనీసం ఒక చెయ్యి ఉండగానే వచ్చినవి.

ఈ సగం అబద్ధపు హెచ్చరికల ఫలితం ఊహించడం కష్టం కాదు. నిజంగా చెయ్యి పెట్టినా అరిచే యంత్రాన్ని మనిషి కాపలాదారుగా గౌరవించడు, టోల్ గేటులా చూస్తాడు. చిల్లర పడేసి ముందుకు పోతాడు. టెస్లా డ్రైవర్లు ఆ చిల్లరను స్టీరింగ్ మీదున్న వాల్యూమ్ చక్రంతో కట్టడం నేర్చుకున్నారు. ఒక మెట్టు పెంచి ఒక మెట్టు తగ్గిస్తే హెచ్చరిక పోయేది. కళ్ళు ఎక్కడున్నాయన్నది బొటనవేలికి అనవసరం. ఇంకొందరు చక్రం సందులో నారింజపండు ఇరికించారు. ఆ అవసరం కోసమే బరువు ముక్కలు తయారుచేసి అమ్మినవాళ్ళూ ఉన్నారు. 2018లో అమెరికా హైవే భద్రతా శాఖ అలాంటి ఒక సరుకును ఆపించింది. ఈ మోసాలను చూసి డ్రైవర్ల మీద విరుచుకుపడటం సులువు. కాని యంత్రం అడిగింది బరువే అయినప్పుడు బరువే దొరుకుతుంది. మన రైలింజన్లలో ఇదే సమస్యకు పెట్టిన ఏర్పాటు చూస్తే తేడా తెలుస్తుంది. విజయవాడ మీదుగా పోయే ఎలక్ట్రిక్ ఇంజన్లలో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ ఉంటుంది. లోకో పైలట్ సుమారు నిమిషం పాటు ఏమీ చెయ్యకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజర్, తర్వాత బ్రేకు. అయితే ఆయన ఈలోగా హారన్ కొట్టినా, బ్రేకు వేసినా, నాచ్ మార్చినా ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. చేస్తున్న పనినే మెలకువకు రుజువుగా తీసుకుంటుంది. వేరే పని లేనప్పుడే బటన్ నొక్కమంటుంది. అదీ లోపం లేనిదేమీ కాదు, కళ్ళు మూతలు పడుతూ బటన్ నొక్కగలిగిన మనుషులు ఉంటారు. కాని ఉద్యోగం ఇంకా లోకో పైలట్‌దే. ఐ-5 మీద కారు ఆ ఉద్యోగం మొత్తం తీసేసుకుని, ఉద్యోగం చేస్తున్నట్టు నటించమని అడుగుతోంది.

చేతులు వదిలేద్దాం, కళ్ళు చూద్దాం అన్నది దీనికి మొదటి జవాబు. 2017లో క్యాడిలాక్ సిటి6తో వచ్చిన సూపర్ క్రూజ్, 2021లో వచ్చిన ఫోర్డ్ బ్లూక్రూజ్ ఆ దారి పట్టాయి. ముందే మ్యాపు చేసిన హైవేల మీద చేతులు తీసేయవచ్చు, కెమెరా మాత్రం మొహాన్ని కనిపెట్టి ఉంటుంది. టెస్లా కూడా 2021 నుంచి కారు లోపలి కెమెరాను వాడుతోంది. 2024లో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ అనే వ్యవస్థలో, కళ్ళు రోడ్డు మీద ఉన్నంతసేపూ చేతిని అడగడం మానేసింది. వాల్యూమ్ చక్రం తిప్పే తంతు కంటే ఇది మేలన్నది ఒప్పుకోవాల్సిందే. ఫోన్ వంక చూసేవాడిని నారింజపండు కాపాడలేదు. అయినా చూపు రోడ్డు మీద ఉన్నంత మాత్రాన బుద్ధి కూడా అక్కడే ఉందని చెప్పలేం. కెటిల్‌మన్ దాటాక గంటసేపు రోడ్డునే చూస్తూ ఒక్క వాహనాన్నీ గమనించని స్థితి ఎవరికైనా వస్తుంది. 2024 ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో, మార్చిలో ఫిలడెల్ఫియాలో బ్లూక్రూజ్ మీద పోతున్న ఫోర్డ్ కార్లు రాత్రివేళ హైవే మీద ఆగి ఉన్న వాహనాలను గుద్దాయి. రెండింట్లో కలిపి ముగ్గురు పోయారు. గంటకు 70 మైళ్ళంటే సెకనుకు 31 మీటర్లు. ఒళ్ళో ఉన్న చెయ్యి చక్రం దాకా వచ్చి, ఎటు తిప్పాలో తేల్చుకోవడానికి రెండు సెకన్లు పట్టిందనుకున్నా, ఒక పెద్ద ఫంక్షన్ హాలు పొడవు దాటిపోతుంది. పట్టుకుని ఉన్న చెయ్యి కారు పక్కకు లాగడాన్ని కళ్ళ కంటే ముందే పసిగడుతుంది. ఆ సమాచారాన్ని కెమెరా తిరిగి ఇవ్వలేదు.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడు బాగా నడుపుతోంది, ఈ చాదస్తం ఇంకా ఎందుకనేది రెండో మాట. తిన్నటి ఐ-5 మీద, పగటిపూట, అది నిజమే. లేన్ మధ్యలో నిలబడటంలో మనిషి కంటే నిలకడగా ఉంటుంది. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పది నిమిషాలకోసారి తప్పు చేసే యంత్రాన్ని ఎవరూ నమ్మరు, చెయ్యి దానంతటదే పట్టుకుని ఉంటుంది. ఏ పదివేల మైళ్ళకో ఒక తప్పు చేసే యంత్రం మనిషిని పూర్తిగా నిద్రపుచ్చి, ఆ ఒక్క తప్పు దగ్గర లేపుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే ఫ్యాక్టరీల కంట్రోల్ రూముల గురించి చెప్పిన మాట ఇది. యంత్రం పనిని ఎంత ఎక్కువ తీసుకుంటే మనిషికి మిగిలే ఆ కాస్త పనీ అంత కష్టమవుతుంది. ఐ-5 మీద ఆ కాస్త పని ఏదో ఊహించుకోనక్కర్లేదు. చలికాలం ఉదయాల్లో ఈ లోయలో టూలీ అనే దట్టమైన పొగమంచు దిగుతుంది, ముందున్న లారీ వెనక దీపాలు కూడా కనిపించవు. వేసవి చివర టమాటా లారీలు పోతాయి, వంపు తిరిగే చోట కొన్ని కాయలు రోడ్డు మీద పడి నలుగుతాయి. రెండే లేన్లు, ఒక దాంట్లో లారీ ఇంకో లారీని దాటుతుంటే వెనక గంటకు 55 మైళ్ళకు పడిపోయిన కార్ల వరుస. ఇవన్నీ ఉన్నట్టుండి వచ్చేవే. డ్రైవరు లేకుండా పోయే టాక్సీలు శాన్ ఫ్రాన్సిస్కోలో తిరుగుతున్నాయి కదా అంటే, వాటిలో బాధ్యత కంపెనీది. మన కారులో బాధ్యత ఇంకా స్టీరింగ్ ముందు కూర్చున్నవాడిదే.

వ్యాలీ అయిపోయి గ్రేప్‌వైన్ ఎక్కడం మొదలయ్యాక రోడ్డు స్వభావం మారిపోతుంది. అయిదారు మైళ్ళ పాటు ఆరు శాతం ఎత్తు, కుడి లేన్లలో మూలుగుతూ ఎక్కే లారీలు, పైన 4,144 అడుగుల దగ్గర టెహోన్ కనుమ. అవతల కాస్టెయిక్ దిగువకు పోయే చోట ఎదురు వాహనాల రోడ్డు మనకు కుడివైపుకు మారిపోతుంది. కొండ వాలును బట్టి రెండు దిక్కుల రోడ్లనూ అటుదిటు చేసి వేశారు. కొన్ని మైళ్ళ పాటు ఇండియాలో ఎడమపక్క నడిపిన అలవాటుకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఇక్కడ మలుపులున్నాయి, లారీని దాటేటప్పుడు దానికి కాస్త దూరంగా జరగాలని ఏ డ్రైవరుకైనా అనిపిస్తుంది. ఆ చిన్న జరుగుడు దగ్గరే ఈ వ్యవస్థల మధ్య అసలు తేడా బయటపడుతుంది. ఒక రకం కార్లలో డ్రైవరు స్టీరింగ్‌ను అటు తిప్పగానే ఆటోస్టీరింగ్ గంట కొట్టి ఆగిపోతుంది, మళ్ళీ ఆన్ చేసుకోవాలి. టెస్లా ఆటోపైలట్ ఆ తీరుది. నాలుగుసార్లు అలా ఆగాక డ్రైవరుకు అర్థమయ్యే పాఠం ఒకటే, చెయ్యి పెడితే పని చెడుతుంది. హెచ్చరికేమో చెయ్యి పెట్టమంటుంది, స్టీరింగేమో పెడితే కోప్పడుతుంది. తక్కువ బలం పెడితే కనబడదు, ఎక్కువ పెడితే ఆగిపోతుంది, ఆ రెంటి మధ్య సన్నని సందులో చెయ్యి బతకాలి. రెండో రకం కార్లు డ్రైవరు తిప్పితే కలిసి తిరుగుతాయి, చెయ్యి సడలించగానే మెల్లగా మళ్ళీ లేన్ మధ్యకు వస్తాయి. లారీ పక్కన అడుగు జరగాలా, గుంటను తప్పించాలా, ఆ నిర్ణయం డ్రైవరుది, రొటీన్ పని కారుది. ముందు చెప్పిన హైవే భద్రతా బీమా సంస్థ తన రేటింగుల్లో ఇలా కలిసి నడపనివ్వడాన్ని ఒక ముఖ్యమైన షరతుగా పెట్టింది. 2024 మార్చిలో అది 14 వ్యవస్థలను పరీక్షిస్తే 11 అధమంగా తేలాయి, రెండు అంతంతమాత్రం, ఒక్కటే ఫరవాలేదు అనిపించుకుంది. బాగుందనిపించుకున్నది ఒక్కటీ లేదు.

నియమాలు రాసేవాళ్ళ చూపు మాత్రం ఇప్పటిదాకా ఎక్కువగా సెకన్ల మీదే ఉంది. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 79వ నిబంధన ప్రకారం చెయ్యి తీసిన 15 సెకన్లలోపు తెర మీద హెచ్చరిక రావాలి, 30 సెకన్లలోపు ఎర్రరంగుతో పాటు మోత రావాలి, మరో 30 సెకన్లలోపు వ్యవస్థ ఆగిపోవాలి. 2023 డిసెంబరులో టెస్లా 20 లక్షలకు పైగా కార్లకు హెచ్చరికలు గట్టి చేస్తూ సాఫ్ట్‌వేర్ రీకాల్ చేసింది. అయిదు నెలలు తిరక్కుండానే, ఆ తర్వాత కూడా ప్రమాదాలు జరిగాయంటూ హైవే భద్రతా శాఖ ఆ సవరణ చాలుతుందా లేదా అని మళ్ళీ విచారణ తెరిచింది. మాన్యువల్‌లో రాసే ఉంది కదా, చెయ్యి పెట్టడం డ్రైవరు బాధ్యత అంటారు కంపెనీల తరఫున మాట్లాడేవాళ్ళు. చట్టం దృష్టిలో అది చాలావరకు నిజం. కాని మాక్‌వర్త్ ప్రయోగంలో కూర్చున్నవాళ్ళకూ బాధ్యత ముందే చెప్పారు. అది అరగంట దాటాక పనిచెయ్యలేదు. మనిషికి వీలుకాని దాన్ని బాధ్యతగా రాసి సంతకం పెట్టించుకోవడం ప్రమాదం తర్వాతి లెక్కలకు పనికొస్తుంది, ప్రమాదాన్ని ఆపదు.

శాన్ ఫెర్నాండో వ్యాలీలోకి దిగాక 405 మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంది, అక్కడ ఏ వ్యవస్థ అయినా ఒకటే. 101 మీద పడమటికి తిరిగి కాలబాసస్‌లో దిగితే లాస్ వర్జెనెస్ రోడ్డు గుడి దాకా కొండల మధ్య మెలికలు తిరుగుతుంది, అక్కడ ఎవరి స్టీరింగ్ వాళ్ళే తిప్పుకోవడం మంచిది. కారు కొనబోయేవాళ్ళు మాత్రం తేల్చుకోవాల్సింది ఈ వంపుల్లో కాదు, తిన్నటి రోడ్డు మీద. హైదరాబాద్‌లో ఇప్పుడు అడాస్ పేరుతో ఇవే సౌకర్యాలున్న కార్లు అమ్ముతున్నారు, గీతలు సరిగ్గా ఉన్న అవుటర్ రింగ్ రోడ్డు కూడా ఉంది. టెస్ట్ డ్రైవ్‌లో లేన్ మధ్యలో కారు కుదురుగా పోతున్నప్పుడు, పక్కన బండ్లు లేని సమయం చూసుకుని, స్టీరింగ్‌ను మెల్లగా ఒక అడుగు పక్కకు జరిగేంత తిప్పి, రెండు సెకన్లు అలాగే పట్టుకుని వదలాలి. గంట మోగి వ్యవస్థ ఆగిపోయిందా, లేక కారు మన చెయ్యి చెప్పినట్టు జరిగి, వదిలాక నెమ్మదిగా వెనక్కి వచ్చిందా? బ్రోషర్‌లో ఈ సంగతి ఉండదు, సేల్స్ కుర్రాడికి తెలిసి ఉండకపోవచ్చు. హెచ్చరిక ఎన్ని సెకన్లకు వస్తుందని అడిగితే మాత్రం అతను టక్కున చెబుతాడు.